ఏడు చేపల కథలో ఏడ్చిన పిల్ల ఎవరు?

ఏడు చేపల కథను అందరం రాజు కథగానే మొదలుపెడతాం. ఏడుగురు కొడుకులు తెచ్చిన చేపల్లో ఒకటి ఎండదు. గడ్డిమోపు, ఆవు, జీతగాడు... నేరం ఒకరి మీంచి ఒకరి మీదికి జారుతూ చివరికి అవ్వ దగ్గరికొస్తుంది. అవ్వ బువ్వ పెట్టలేదట. ఎందుకంటే పిల్ల ఏడ్చింది.

కర్నూలు, కడప పల్లెల్లో ఈ కథ చెప్పేది అవ్వో జేజో. ఊ కొట్టేది ఒళ్లో ఉన్న పిల్ల. నేను విన్నంతలో, వినేది పిల్లోడైతే కథలోనూ పిల్లోడే ఏడుస్తాడు. అంటే చెప్పే మనిషి తననూ, వినే బిడ్డనూ రాజుగారి కథలోకి లాగేసింది. వంటా, పిల్లల సాకుడూ ఒక్కదాని నెత్తినే పడితే జీతగాడి నుంచి రాజు దాకా అందరి పనీ ఎట్లా ఆగిపోతుందో అక్కడే చెప్పేసింది. బడిలో మాత్రం దీన్ని కార్యకారణ సంబంధం నేర్పే కథ అని సరిపెడతారు!

చీమ వంతు రాగానే అవ్వ వేళ్లు పిల్లను గిల్లుతాయి. నా పుట్ట జోలికొస్తే ఊరుకుంటానా అనే ఆ జవాబులో నాకు చీమ కంటే ముసలమ్మే ఎక్కువ వినిపిస్తుంది.

అచ్చులో "ఇంటాండావామే?" కాస్తా "పిల్లలూ" అయిపోతుంది. కర్నూలులో ఎం. హరికిషన్ సీమ జానపద కథల్ని పిల్లల కోసం పుస్తకాలుగా తెచ్చారు. చాలా అవసరమైన పని. కానీ ఏ పుస్తకమూ ఊ కోసం ఆగదు. అవ్వ దగ్గర ఊ ఆగితే కథా ఆగేది. ఇంట్లో మరే విషయంలోనూ మూడేళ్ల ఆడపిల్ల మాట అంతగా చెల్లదు.