స్పిట్‌ఫైర్‌లోకి రోటరీ ఇంజన్

చాలా ఏళ్లు అమెరికాలో చిన్న స్పోర్ట్స్ కారంటే బ్రిటన్ నుంచి ఓడెక్కి వచ్చిందే. ట్రయంఫ్‌లూ ఎంజీలూ సొంత దేశంలో కంటే అక్కడే ఎక్కువ అమ్ముడయ్యేవి. డెబ్బైల్లో కాలుష్య నిబంధనలు వచ్చి ఆ పాత ఇంజన్ల సత్తువ తీశాయి. 1978లో జపాన్ నుంచి రోటరీ ఇంజన్‌తో మాజ్డా ఆర్‌ఎక్స్-7 దిగింది. ధర అందుబాటులో ఉంది, ఇంజన్ ఎంత తిప్పినా వణుకు లేదు, వాన నీరు లోపలికి కారదు. 1980 ఆగస్టులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తయారీ ఆగింది, అక్టోబరులో ఎంజీబీ ఆగింది. రెండింటి యజమాని బ్రిటిష్ లేలాండ్ అప్పులు, పౌండు విలువ, కార్మిక వివాదాలు అన్నీ కలిసి చేసిన పని అది. ఆ కారణాల్లో ఆర్‌ఎక్స్-7 కూడా ఒకటి. అలా ఆ మార్కెట్టును లాక్కున్న కారు ఇంజన్‌నే తెచ్చి పాత బ్రిటిష్ కార్లలో బిగించే సంప్రదాయం ఒకటి ఇంగ్లండ్, అమెరికా, ఆస్ట్రేలియా షెడ్లలో పెరిగింది. ఎంజీ మిడ్జెట్, ఎంజీబీ, స్పిట్‌ఫైర్ దీనికి ఇష్టమైన కార్లు. వీటిలో నాకు స్పిట్‌ఫైర్ మీదే మక్కువ.

అది మనకు మరీ పరాయి కారు కాదు. అరవైల్లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండి ఉంటే, స్పిట్‌ఫైర్ ఎముకలు మీరు చూసినట్టే. దానికి మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ భాగాలు తీసుకుని, చాసిస్‌ను కురచ చేసి, 1962లో స్పిట్‌ఫైర్‌ను నిలబెట్టారు. రెండింటి ఒంటినీ గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టీయే. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ఒక్కసారిగా ముందుకు వంగి లేచే ఆ బానెట్ రెండింటికీ ఉంది. అది లేపితే ముందు చక్రాలు, స్టీరింగ్ ర్యాక్, ఇంజన్ అన్నీ బయటపడతాయి. చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. గేర్‌బాక్సు మీది కప్పు కూడా మరలు విప్పితే కారు లోపలినుంచే ఊడి వస్తుంది. ఇంజన్ మార్చేవాడికి ఇంతకంటే సాయం చేసే కారు తక్కువ.

మొదటి స్పిట్‌ఫైర్ ఇంజన్ 1147 సీసీ, 63 హార్స్‌పవర్. ఆర్‌ఎక్స్-7లోని 12ఏ రోటరీ 1146 సీసీ, సుమారు 100 హార్స్‌పవర్. కాగితం మీద ఒక్క సీసీ తేడా, రోడ్డు మీద ఇంకో లోకం. ఎందుకంటే రెండు లెక్కలూ ఒకటి కావు. మామూలు ఇంజన్ తన సీసీలన్నీ పీల్చడానికి రెండు చుట్లు తీసుకుంటుంది. రోటరీ ఒక్క చుట్టులో పీల్చేస్తుంది.

నడుము దగ్గర నొక్కినట్టుండే అండాకారపు గూడులో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. దాని మూడు ముఖాలకూ గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడతాయి. ఒకటి పెట్రోలు గాలిని పీలుస్తుంటే ఇంకొకటి నొక్కుతుంది, వేరొకటి మండి తోస్తుంది. రోటర్ ఒకసారి తిరిగేలోపు షాఫ్టు మూడుసార్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, క్యామ్ షాఫ్టు లేదు, పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు లేవు. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఊహను ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1957లో తొలిసారి నడిపి చూపించింది. దాన్ని నిలబెట్టింది మాత్రం హిరోషిమాలోని మాజ్డా. రోటర్ మూలల్లోని సీళ్లు గోడ మీద అలలు అలలుగా గీతలు పెట్టేవి. దయ్యపు గోళ్ల గీతలు అని అక్కడి ఇంజనీర్లే వాటికి పేరు పెట్టారు. కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఆ గీతల వెంట పడి, కార్బన్, అల్యూమినియం కలిపిన సీళ్లతో 1967లో కాస్మో స్పోర్ట్ కారును బయటికి తెచ్చారు.

ఇక పని. పాత 12ఏ కొనేవాడు ముందు దాని గొంతు వినాలి. స్పార్క్ ప్లగ్గు తీసి, కంప్రెషన్ గేజ్ పెట్టి, గేజ్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వును తీసేసి సెల్ఫ్ కొట్టాలి. వాల్వు ఉంటే ముల్లు అన్నిటికంటే పెద్ద దెబ్బ దగ్గర నిలిచిపోతుంది, మిగతా రెండు గదుల సంగతి దాగిపోతుంది. వాల్వు తీస్తే ముల్లు మూడు దెబ్బలు కొడుతుంది. మూడూ సమానంగా ఉంటే రోటర్ బాగున్నట్టు. రెండు గట్టిగా, ఒకటి నీరసంగా పడితే ఆ ఇంజన్ విప్పాల్సిందే, లోపల ఏదో సీలు పోయింది. రెండో రోటర్‌కూ ఇలాగే చూడాలి. తర్వాత సైలెన్సర్ గొట్టం విప్పి టార్చి లైటుతో లోపలి క్రోమ్ పూత చూడాలి. పూత లేచిపోయి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయడమే.

రోటరీ ఈకంత తేలిక అని చాలామంది అంటారు. అది నిజం కాదు. హౌసింగులు అల్యూమినియమే గానీ, వాటి మధ్యా పక్కలా ఉండే పలకలు పోత ఇనుము. దాని అసలు గుణం పొట్టితనం. 1966లో ట్రయంఫే స్పిట్‌ఫైర్ చాసిస్ మీద రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టి జీటీ6గా అమ్మింది. వేగం వచ్చింది, కారు ముక్కు బరువెక్కింది. రోటరీని ముందు యాక్సిల్ వెనక్కి, డ్యాష్‌బోర్డు గోడ దాకా నెట్టి కూర్చోబెట్టవచ్చు. స్టీరింగ్ తేలిగ్గానే ఉంటుంది, మలుపులో ముందు చక్రాలు మాట వింటాయి. శక్తి ఎంత పెరిగిందని కాకుండా బరువు ఎక్కడ కూర్చుందని అడిగేవాడే ఈ పనికి తగినవాడని నా నమ్మకం.

కూర్చోబెట్టడంలో ఒక చిక్కుంది. పిస్టన్ ఇంజన్‌లో షాఫ్టు అడుగున ఉంటుంది. రోటరీలో అది ఇంజన్ నడిమధ్య ఉంటుంది, కాబట్టి సగం ఒళ్లు షాఫ్టు కింద వేలాడుతుంది. గేర్‌బాక్సును డిఫరెన్షియల్‌కు సూటిగా నిలబెడితే కింది ఆయిల్ ఛాంబర్ రోడ్డుకు దగ్గరవుతుంది. ఛాంబర్ కోసం ఇంజన్ ఎత్తితే కార్బ్యురేటర్ బానెట్‌కు తగులుతుంది. స్పిట్‌ఫైర్‌లో డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది, చక్రాలతో పాటు పైకీ కిందికీ ఆడదు. కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివర్ల కోణాలూ సమానంగా వచ్చేలా ఒకసారి సరిచూసుకుంటే చాలు. ఖాళీ ఇంజన్ గుల్లను చెక్క దిమ్మెల మీద ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి కొలతలు తీస్తారు. ఓపిక ఖర్చయ్యేది ఇక్కడే.

గేర్‌బాక్సు మాజ్డాదే, అయిదు గేర్లది, ఇంజన్‌తో పాటే వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు ముందు వైపు మాజ్డా పళ్లు, వెనక వైపు ట్రయంఫ్ ఫ్లాంజ్ పెట్టి, లేత్ మీద కురచ చేయించి, బ్యాలెన్స్ పట్టించాలి. ఇందులో ఒక అదృష్టం కూడా ఉంది. 1970లో వచ్చిన మార్క్ 4 స్పిట్‌ఫైర్ డిఫరెన్షియల్ నిష్పత్తి 3.89, ఆర్‌ఎక్స్-7ది 3.909. రెండూ 13 అంగుళాల చక్రాల కార్లే. గేర్ల లెక్క దాదాపు దానికదే కుదురుతుంది.

చాలామంది చిన్నచూపు చూసేది వేడిని. రోటరీ పొగ పిస్టన్ ఇంజన్ పొగ కంటే బాగా వేడి. పైగా పీల్చే దారీ వదిలే దారీ ఇంజన్‌కు ఒకే పక్కన ఉంటాయి కాబట్టి, కార్బ్యురేటర్ కిందే సైలెన్సర్ గొట్టం కాలుతుంటుంది. మధ్యలో రేకు అడ్డు పెట్టాలి, డ్రైవరు కాళ్ల దగ్గర గోడకు వేడి ఆపే గుడ్డ కట్టాలి. రోటర్లను లోపలినుంచి చల్లబరిచేది ఆయిలే. అందుకే నీళ్ల రేడియేటర్ ఎంత ముఖ్యమో ఆయిల్ కూలర్ అంతే ముఖ్యం. స్పిట్‌ఫైర్ ముక్కులో రెండింటికీ చోటుంది, గాలి వాటి మధ్యనుంచే పోయేలా పక్కలు మూయాలి. ఆయిల్ కూలర్ తర్వాత పెట్టుకుందాంలే అనుకున్న ఇంజన్లు ఎండాకాలం దాటవు.

ఈ ఇంజన్ కొంత ఆయిల్ తాగడం రోగం కాదు. సీళ్లు అరగకుండా ఒక చిన్న పంపు కొలిచి కొలిచి ఆయిల్ వదులుతుంది. ఆ పంపు తీసేసినవాళ్లు పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుకుంటారు. బజాజ్ స్కూటర్‌కు బంకులో ఆయిల్ కలిపించుకున్న తరానికి ఇది కొత్త కాదు. మైలేజీ మాత్రం తగ్గుతుంది, ఒప్పుకోవాలి.

వాల్వులు లేవు కాబట్టి గాలి ఎప్పుడు వస్తుందో, పొగ ఎప్పుడు పోతుందో నిర్ణయించేది గోడలోని రంధ్రాల అంచులే. ఆ అంచులను అచ్చు పెట్టి గీసి, గ్రైండర్‌తో కొద్దికొద్దిగా అరగదీయడాన్ని పోర్టింగ్ అంటారు. మితంగా చేస్తే పై వేగంలో పికప్ పెరుగుతుంది. మితిమీరితే ఆగి ఉన్నప్పుడు ఇంజన్ డబడబా కొట్టుకుంటూ నిలకడ లేకుండా నడుస్తుంది. రోజూ రోడ్డెక్కే కారుకు ఆ రెండోది వద్దంటాను. 700, 800 కిలోల మధ్య తూగే కారుకు మామూలు 12ఏనే చాలు.

శక్తి పెరిగాక వెనక చక్రాల సంగతి చూడాలి. పాత స్పిట్‌ఫైర్లలో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకునేది. మార్క్ 4లో వెనక కమాన్ కట్టను నడిమిన ఊగేలా మార్చి ఆ జబ్బును చాలావరకు తగ్గించారు. రోటరీ పెట్టేవాడు ఆ కట్టనే వాడాలి, ముందు బ్రేకులు జీటీ6వి తెచ్చుకోవాలి. కింది వేగంలో రోటరీకి లాగుడు తక్కువ. ట్రయంఫ్ సన్నటి హాఫ్ షాఫ్టులకు అది ఒక వరం. వాటిని విరిచేది ఇంజన్ కంటే, సిగ్నల్ దగ్గర క్లచ్ టక్కున వదిలే కాలు.

ఏ కారుకు చేయాలన్నది చివరి ప్రశ్న. సొంత ఇంజన్‌తో చక్కగా నడుస్తున్న మొదటి తరం స్పిట్‌ఫైర్‌ను కోయడం నాకు ఇష్టం లేదు. మూడు లక్షలకు పైగా తయారైన కారులో ఇంజన్ పోయి షెడ్డు మూల పడున్నవి ఎన్నో ఉంటాయి, వాటికి చేయాలి. మౌంటింగుల కోసం చాసిస్‌కు వెల్డింగ్ పెట్టకుండా, పాత బోల్టు రంధ్రాలకే కొత్త క్రాస్ మెంబర్ బిగించేలా తయారుచేసుకోవాలి. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజన్ నంబరు, సామర్థ్యం మార్పించాలి. మన దగ్గరైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్టీఓ అనుమతి లేకుండా ఇంజన్ ముట్టుకోకూడదు. దించిన ట్రయంఫ్ ఇంజన్ సిలిండర్లలో ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, దాని మౌంటింగులూ బోల్టులూ ఒకే డబ్బాలో పెట్టి, కారు అమ్మినప్పుడు దాంతోపాటే ఇచ్చేయాలి.