ముద్ర అందుకున్నాక

క్రీ.శ. 986లో, ఉత్తరాన ఉన్న ఖితాన్‌ల ల్యావ్ రాజ్యంతో జరిగిన పోరులో చైనా సోంగ్ రాజ్య సేనాని యాంగ్ యె పట్టుబడ్డాడు. శత్రువుల చెరలో అన్నం ముట్టకుండా ప్రాణం విడిచాడు. చరిత్ర అక్కడితో పేజీ తిప్పేసింది కానీ జనం తిప్పలేదు. ఆయన కొడుకుల్ని, మనవల్ని, ఆఖరికి ఇంటి కోడళ్ళని కూడా తరతరాలుగా కథల్లో సరిహద్దుకు పంపుతూనే వచ్చారు. చరిత్రలో ఎక్కడా లేని ము గుయియింగ్‌ను ఆయన మనవడికి భార్యను చేసి, సైన్యాన్నే ఆమె చేతిలో పెట్టారు.

ఈ యాంగ్ వంశం కథలంటే పెకింగ్ ఒపెరాకు ప్రాణం. రంగస్థలం మీద కోటలుండవు, గుర్రాలుండవు. చేతిలో కొరడా ఉంటే గుర్రం ఎక్కినట్టే. నలుగురు సైనికులు వరసగా నడిస్తే మహాసేన కదిలినట్టే. సేనాని వీపున నాలుగు జెండాలు రెపరెపలాడుతుంటాయి. ఆ పిల్లిమొగ్గలకీ, గాల్లో తిరిగే ఈటెలకీ చప్పట్లు కొట్టని వాళ్ళుండరు. నేనూ కొడతాను. అయితే నన్ను పదేపదే వీడియోల ముందు కూర్చోబెట్టే ఘట్టంలో మాత్రం కత్తి అనేదే కనబడదు.

అది ‘ము గుయియింగ్ సేనాపత్యం’ నాటకంలోది. హెనాన్ ప్రాంతపు యూ ఒపెరా నుంచి తీసుకుని నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ 1959లో పెకింగ్ ఒపెరాగా మలిచిన నాటకం. కథాకాలానికి యాంగ్ ఇంట్లో మగవాళ్ళు చాలామంది రాజు కోసం చచ్చిపోయారు. రాజు వాళ్ళను మరచిపోయాడు. ము గుయియింగ్ ఆయుధం పక్కన పెట్టి ఏళ్ళయింది, వయసు 53. ఇంతలో పశ్చిమ షియా రాజ్యపు సేనలు సరిహద్దు దాటాయి. రాజధానికి వెళ్ళిన ఆమె పిల్లలు ఇంటికి సేనాపతి ముద్ర తెచ్చారు. ఆమెకు మండిపోయింది. అవసరం పడితేనే గుర్తొస్తామా అన్నది ఆమె ప్రశ్న. కుటుంబ పెద్ద షె తైజున్ నచ్చజెప్పాక ముద్ర అందుకుంటుంది. కానీ మనసు ఇంకా ఒప్పుకోలేదు.

ఇక్కడే మెయ్ పనితనం. ఆమె ఒంటరిగా నిలబడిన ఆ కాసేపట్లో పాట లేదు, మాట లేదు. తాళవాద్యాల్లో ‘తొమ్మిదిన్నర దెబ్బలు’ అనే వరస మొదలవుతుంది. మామూలుగా పురుష వీరపాత్రలకు వాడే వరస అది. దాన్ని ఇంటి దుస్తుల్లో ఉన్న స్త్రీ పాత్రకు తెచ్చిపెట్టాడాయన. పొడవాటి తెల్లని చేతి కొంగులు విసురుతూ ఆమె ఒక పక్కకు నడుస్తుంది, ఆగుతుంది, మరో పక్కకు మళ్ళుతుంది. కోపం, అలసట, పోయినవాళ్ళ తలపు, పాత పౌరుషం, అన్నీ ఆ అడుగుల్లోనే. ముందు నడిచేది డోలు వాయించే మనిషి. మిగతా వాద్యాలన్నీ ఆయన సైగ మీదే నడుస్తాయి. పాత్రధారి ఊపిరి ఆయనకు తెలియాలి. ఒక్క దెబ్బ తొందరపడితే ఆ సంశయం వట్టి నడకగా మిగిలిపోతుంది. దూరాన యుద్ధభేరి మోగేసరికి ఆమె వెన్ను నిటారవుతుంది.

ఈ పాత్రకు మెయ్ రంగు వేసుకున్నది తన 65వ ఏట. మన స్థానం నరసింహారావు సత్యభామగా తెలుగువాళ్ళ మనసుల్లో నిలిచినట్టే, మెయ్ కూడా స్త్రీ పాత్రలతోనే చైనా జనానికి ఆరాధ్యుడయ్యాడు. జపాన్ ఆక్రమణ కాలంలో ఆయన మీసం పెంచుకుని, వాళ్ళ కోసం ఆడనని కూర్చున్నాడు. స్త్రీ పాత్రధారికి మీసమంటే జీవనాధారాన్ని తెంచుకోవడమే. 1945లో యుద్ధం ముగిశాకే మళ్ళీ వేదికెక్కాడు. చేతిలోని విద్యను పక్కన పెట్టడం, తిరిగి చేపట్టడం ఎలా ఉంటుందో ఆయన ఒళ్ళెరిగిన సంగతి. ము గుయియింగ్ పాత్ర వేసిన రెండేళ్ళకే, 1961లో కన్నుమూశాడు. ఆయన కట్టిన చివరి కొత్త నాటకం ఇదే అయింది.

దేశాన్ని కాపాడే కథల్లో మనం సాధారణంగా గెలుపు కోసం ఎదురుచూస్తాం. సంశయించేవాణ్ణి పిరికివాడంటాం. ఈ కళ అలా అనదు. అన్యాయానికి గురైన మనిషికి కాదనే హక్కుందని ముందు ఒప్పుకుంటుంది. ఆలోచించుకోవడానికి వేదికంతా ఖాళీ చేసి ఇస్తుంది. ఆ తర్వాత ఆమె మనసు పలికే ‘సరే’ రాజు కోసం కాదని, సరిహద్దులో ఉన్న మనుషుల కోసమని మనకు అర్థమవుతుంది. ఆ సంశయాన్ని కోసేసి నేరుగా యుద్ధానికి దూకితే నాటకం పొట్టిదవుతుంది, వేగంగానూ ఉంటుంది. అప్పుడు మిగిలేది ఆజ్ఞ పాటించిన సైనికురాలే. ము గుయియింగ్ అంతకంటే పెద్ద మనిషి. ఆమెను అంత పెద్దగా నిలబెట్టింది ఆ కాసేపటి తటపటాయింపే. మన తెర మీద, మన వేదిక మీద యుద్ధం కథ చెప్పే ప్రతివాళ్ళూ దానికి చోటివ్వాలని నా కోరిక.