అర సెకను పాఠం

2025 జనవరి 20, అట్లాంటా. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్ ముగియడానికి మూడు నిమిషాలు కూడా లేవు. పదకొండు గజాలు కావాల్సిన మూడో డౌన్‌లో (ప్రయత్నంలో) ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ బంతిని ఎత్తుగా విసిరాడు. ఫ్రెష్‌మన్ రిసీవర్ జెరెమయా స్మిత్ డిఫెండర్‌ని వెనకే వదిలేసి అందుకున్నాడు. 56 గజాలు! నోటర్‌డేమ్‌పై 34-23తో గెలుపు.

అప్పుడు స్మిత్‌కి కోచ్ బ్రయాన్ హార్ట్‌లైన్, 1986లో పుట్టినవాడు. అదే జట్టు డిఫెన్సివ్ లైన్ కోచ్ లారీ జాన్సన్ పుట్టింది 1952లో. అప్పటికి ఇద్దరూ అసిస్టెంట్లే. అయినా రాస్తుంటే ఒకరు 'అతను', మరొకరు 'ఆయన' అయిపోతారు.

హార్ట్‌లైన్ ఒహాయో స్టేట్‌కే ఆడాడు. మయామీ డాల్ఫిన్స్ తరఫున 2012, 2013 సీజన్లలో వెయ్యేసి గజాలు దాటాడు. రిసీవర్ పనితనమంతా బయల్దేరడంలోనే ఉంది. ముఖానికి ముఖం పెట్టి నిలబడ్డ కార్నర్‌బ్యాక్ నడుము ఒక్కసారి తప్పు వైపు తిరిగితే చాలు, దారి తెరుచుకుంటుంది. ఆ నడుమును తిప్పించే అడుగు హార్ట్‌లైన్ కాళ్లకింకా గుర్తే. అతని దగ్గర తయారైన గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే 2022 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పది, పదకొండో స్థానాల్లో వరసగా వెళ్లారు.

జాన్సన్ ముందు హైస్కూళ్లలో ఏళ్ల తరబడి కోచింగ్ చేసి, 1996లో పెన్ స్టేట్‌కి, 2014లో ఒహాయో స్టేట్‌కి వచ్చారు. ఆయన విద్య చేతుల్లో ఉంటుంది. ఒక చెయ్యి నేలకానించి వంగిన లైన్‌మన్, అవతలి క్వార్టర్‌బ్యాక్ అరుపులు పట్టించుకోకూడదు, బంతినే చూడాలి. అది కదిలిన క్షణాన అడుగు పడాలి. ఎదుటి టాకిల్ చేతులు ఛాతీకి తగిలేలోపే వాటిని కొట్టేయాలి. ఇది బలం కాదు, వేళ పట్టుకోవడం. జోయీ బోసా, నిక్ బోసా, చేజ్ యంగ్: ఈ ముగ్గురు శిష్యులూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి ఏడాదే ఉత్తమ డిఫెన్సివ్ రూకీలయ్యారు.

కుర్రాళ్లని కుర్ర కోచ్ ఇట్టే ఆకట్టుకుంటాడంటారు కొందరు, అనుభవాన్ని మించింది లేదంటారు ఇంకొందరు. నాకైతే వీళ్లిద్దరి పాఠం ఒకటే అనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి నిలిచేది రెండు మూడు సెకన్లు. అందులో అర సెకను హార్ట్‌లైన్ శిష్యులు తమవాడికి మిగులుస్తారు. జాన్సన్ శిష్యులు అదే అర సెకను అవతలివాడి దగ్గర కొట్టేస్తారు.