ఫైళ్లు కలిపే పనితనం
మండలానికొకటిగా వచ్చిన సీఎస్‌వీ ఫైళ్లన్నిటినీ ఒక్కటి చేసే ప్రోగ్రామరు శ్రమ బయటికి కనిపించదు. 1971 నాటి యూనిక్స్ మొదటి కూర్పులోనే ఇందుకు ‘క్యాట్’ అనే కమాండు ఉంది; ఇచ్చిన ఫైళ్లను ఇచ్చిన క్రమంలో ఒకదాని వెంట ఒకటి పేరుస్తుంది, అంతే. అసలు పనితనం వేరే ఉంది. హెడ్డింగు లైనును మొదటి ఫైల్లో ఉంచి మిగతావాటిలో తీసేయాలి. చివర కొత్త లైను గుర్తు లేని ఫైలుంటే, దాని ఆఖరి లైనుకు తర్వాతి ఫైలు మొదటి లైను అతుక్కుపోతుంది. పేర్లను అక్షరక్రమంలో పెడితే 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. ఒక ఫైలు యూనికోడ్‌లో, ఇంకొకటి పాత ‘అను’ ఫాంటులో ఉంటే ఊళ్ల పేర్లే చెడిపోతాయి. ఇవన్నీ ముందే ఊహించి, ఏ లైను ఏ ఫైలుదో చెప్పే కాలమ్ కూడా చేర్చే మనిషంటే నాకెంతో గౌరవం. కలిపాక లైన్ల లెక్క సరిచూసేవాళ్లంటే మరీను.