పదో తరగతి తర్వాత దారి చూపే మాస్టార్లు

పదో తరగతి పరీక్షలు అయ్యీ అవకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో మాత్రం ఏ లెక్కల మాస్టారో, తెలుగు టీచరమ్మో జీతం లేని ఇంకో కొలువు చేస్తుంటారు.

ముందు ఆధార్‌లో పేరు, టెన్త్ రికార్డుల్లో పేరు ఒకటేనా అని చూస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే దగ్గరుండి సరిచేయిస్తారు. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, మీసేవలో తీసుకునే కులం, ఆదాయం కాగితాలు... కౌన్సెలింగ్ నాడు ఇవి లేక తిప్పలు పడ్డ ఇళ్లెన్నో!

"అంత దూరం ఆడపిల్లనెలా పంపేది సార్?" అనే తండ్రికి, నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల గురించి ఓపిగ్గా చెబుతారు. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, హాస్టల్ కూడా అక్కడే. లెక్కలంటే హడలిపోయే పిల్లాణ్ని మాత్రం ఎంపీసీలోకి తొయ్యరు. సీఈసీ కూడా చదువేనని ఇంట్లోవాళ్లను ఒప్పిస్తారు. నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన పని అదే.

మీ పిల్లలు ఈ ఏడు పదిలో ఉంటే, ఏ కాలేజీకైనా అడ్వాన్సు కట్టే ముందు ఆ మాస్టారిని ఒక్కసారి కలవండి.