కళాపూర్ణోదయము: ఒక చదువరి సందేహములు

నవల యను మాట పుట్టకమునుపే తెలుగున నవల పుట్టెనని వాదించువారు కళాపూర్ణోదయమును సాక్ష్యముగా జూపుదురు. వీరేశలింగము పంతులుగారు 1878లో బ్రకటింప నారంభించిన రాజశేఖర చరిత్రమును వచనప్రబంధ మనిరి. నవల యను పేరు పెట్టినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. అంతకు సుమారు మూడువందల యేండ్లు ముందుగా బింగళి సూరన పురాణకథ నాశ్రయింపక, తానే కల్పించి, యెనిమిది యాశ్వాసములుగా నీ కథను రచించెను. పద్యములలో నున్నదన్న మాట నటుంచుడు. కుతూహలము పట్టి లాగుకొనిపోవు నేర్పు నవలకు లక్షణమైనచో నిది నవలయే.

ఈ వర్షకాలమున టైడాలో బడి విడిచిన పిమ్మట నేనీ గ్రంథమును మఱల జదివితిని. ఆకాశమున బోవు విమానములు, ఎగురు సింహము, ఒకరి రూపమున మఱియొకరు, ముందు కథకు వెనుక జన్మము, వెనుక కథకు ముందు శాపము! ఇంగ్లీషు చదువుకొన్నవారు షేక్స్పియరు కవలల తికమకలను మెచ్చుకొందురుగదా. సూరన ముడులముందు నవి పిల్లలాట. ఎచట వేసిన ముడి నచటనే విడువక, రెండాశ్వాసముల తరువాత విప్పును. ఆ విప్పుటలోని యానందమును నేను దాచను.

అయినను గ్రంథము మూసిన పిదప మనసున నొక ముల్లు మిగిలినది. కలభాషిణి ద్వారకలోని వేశ్యాపుత్రిక. వీణ నెఱిగినది, మాట నేర్పరి. విమానమున బోవు నలకూబరుని జూచి వలచినది. ఆమె కోరిక తీరినదా? తీరినది, ఎట్లన, ఆమె రంభ రూపము దాల్చెను, మణికంధరుడు నలకూబరుని రూపము దాల్చెను. ఇద్దఱు కలిసికొనిరి గాని యే మొగమును దమది కాదు! తన మొగముతో వలపింపబడు యోగ్యత యామెకు లేదా? సూరన యీ ప్రశ్న నెఱిగియే వ్రాసెనా, లేక ముడి యందముగా బడినదని సంతసించి యూరకుండెనా? నాకు దేలలేదు. ఒక్కొక పుట చదువునపు డొక్కొక విధముగ దోచును.

తుదకామె మృగేంద్రవాహన గుడియెదుట బ్రాణములు విడుచును. మఱుజన్మమున రాచయింట మధురలాలసయై పుట్టి కళాపూర్ణుని పెండ్లాడును. అనగా జన్మము మాఱినగాని గౌరవము రాలేదు. మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము 1947లో వచ్చినది. మఱుజన్మ మక్కఱలేదని చెప్పుట కంతకాలము పట్టినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమున సూరన కల్పనాశక్తిని గొనియాడుచునే దోషములు నెంచిరి. కొందఱికది కోపము తెప్పించినది గాని, ప్రేమించిన గ్రంథమును బ్రశ్నింపరాదను నియమ మెక్కడిది?

ఇక సుగాత్రీ శాలీనుల కథ. ఇందు విమానము లేదు, వేషము లేదు. భార్యను నగలతో నెంత సింగారించి పంపినను శాలీనుడు సిగ్గుతో ముడుచుకొనిపోవును. విసిగిన యత్త యాతనిని దోటపనికి బెట్టును. సుగాత్రి జాలిపడి, నగలు తీసివైచి, కొంగు బిగించి, తానును దోటలో బనికి దిగును. చెమర్చిన యా మొగమును జూచి యాతని మనసు కరగును. గ్రంథమంతయు వెదకినను నింతకన్న నిజమైన ఘట్టము నాకు గనబడలేదు. అలంకారశాస్త్రము చదివిన మనము స్త్రీని జూచుటకు ముందు నగలను జూచుట కలవాటుపడితిమి. ఇచట మా బడిపిల్లల తల్లులు చోళ్ళచేలలో మగవారితో సమముగా వంగి పని చేయుదురు, పండుగనాడు చేయిచేయి పట్టుకొని థింసా యాడుదురు. ఈ ఘట్టమున కిచట వ్యాఖ్యాన మక్కఱలేదు.

ఈ మాట నేను మురిసిపోయి చెప్పగా నా భార్య విని, "ఆమె యాయన పనిలో జేయి కలిపినది, బాగున్నది. ఆయన యామె పనిలో నెప్పుడైన జేయి పెట్టెనా?" అని యడిగినది. పుస్తకము తిరుగవేసి చూచితిని. నాకు సమాధానము దొరకలేదు.

వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్ గారు 2002లో దీని నింగ్లీషులోనికి దెచ్చుటచే నిపుడు పరదేశములవారును జదువుచున్నారు. మన యిండ్లలో దీనిని జదువవలయునా యని యడిగినవారికి జదువుడనియే చెప్పుదును, ఆడపిల్లలకు నీయవచ్చును. శృంగారము మితిమీఱిన వర్ణనలు కలవు, పెద్దవారు వానిని దాటించి చదివి వినిపింపవచ్చును. తుది యాశ్వాసముల పెండ్లివైభవములు నాకు రుచింపలేదు. మధురలాలస వీణ పట్టి, పూర్వజన్మము తలచుకొని సుఖముగా నున్నదని కవి చెప్పుచునే యుండును; నా మనసు మాత్ర మా గుడియెదుట బడియున్న కలభాషిణిని విడిచి రాదు.