వైద్యుని నమ్మకం – లెక్కల సాక్ష్యం

క్షయరోగికి ఏ మందులు ఇవ్వాలని అడిగితే బెర్లిను వైద్యుడూ, చికాగో వైద్యుడూ ఇంచుమించు ఒకే మాట చెబుతారు. కాని లైంగిక నేరస్థునికి చికిత్స ఏమిటని అడిగితే జవాబు దేశాన్ని బట్టి మారుతున్నది. ఈ భేదానికి మూలం శాస్త్రమా, ఆచారమా అన్నది విచారింపదగిన విషయం.

జర్మనీలో వైద్యుడు రోగి రహస్యాన్ని కాపాడవలెనని చట్టం గట్టిగా చెబుతుంది. కనుకనే పిల్లలపట్ల వికృతమైన ఆకర్షణ గలవారు తమంతట తామే వచ్చి చికిత్స పొందే ఏర్పాటు 2005లో బెర్లినులోని షారిటే వైద్యశాలలో సాధ్యమయింది. అమెరికాలో పిల్లలపై అత్యాచారం జరిగినదన్న అనుమానం కలిగితే వైద్యుడు అధికారులకు తెలుపవలసినదే. అటువంటిచోట రోగి నోరు విప్పడానికి జంకుతాడు. పైగా, ప్రమాదకరులని తేలినవారిని శిక్ష ముగిసిన తరువాత కూడా నిర్బంధంలో ఉంచవచ్చునని అక్కడి సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. దానితో వైద్యుడు కొంతవరకు కావలివాడు కూడా అయినాడు. చెక్ దేశంలో వైద్యులు, రోగి సమ్మతితోనే అంటూ, వృషణాలను తొలగించే శస్త్రచికిత్సను సమర్థించారు. నిర్బంధంలో ఉన్నవాని సమ్మతి నిజమైన సమ్మతి అవుతుందా అని ఐరోపా మండలికి చెందిన చిత్రహింసల నివారణ సంఘం సందేహించి, 2009లో దానిని హీనమైన చర్యగా ఖండించింది.

ఎవరి పద్ధతి వారికి సబబుగానే తోస్తుంది. కాని తోచడం వేరు, తేలడం వేరు. ఇంగ్లండు, వేల్సు జైళ్లలో చాలా ఏళ్లు ఒక మానసిక చికిత్స సాగింది. దాని ఫలితాన్ని 2017లో ప్రభుత్వం ప్రకటించింది. చికిత్స పొందిన 2,562 మందిని, పొందని 13,219 మందితో పోల్చారు. మరల లైంగిక నేరం చేసినవారు మొదటి వర్గంలో నూటికి 10, రెండవ వర్గంలో నూటికి 8! ఆ చికిత్సను ఆపివేశారు.

అంతమాత్రాన చికిత్సలన్నీ వ్యర్థమనుట తొందరపాటు. ఆ పరిశీలనలో రెండు వర్గాలనూ చీట్లు తీసినట్లు యాదృచ్ఛికంగా విభజించలేదు; పోలికగల వారిని ఏరి జతపరచారు. అదీగాక, పలు పరిశోధనలను కలిపి 2015లో వేసిన లెక్కలో మరల నేరం చేసినవారు చికిత్స పొందినవారిలో నూటికి 10.1, పొందనివారిలో 13.7. బెర్లిను పద్ధతి నేరాలను తగ్గించినదని రూఢిగా చెప్పడానికి కూడా ఇంకా తగిన సాక్ష్యం లేదు.

వైద్యుల అభిప్రాయాలు భిన్నంగా ఉండడం తప్పు కాదు. తమ దేశపు చట్టం నేర్పిన అలవాటును శాస్త్రనిర్ణయమని భ్రమించడమే తప్పు. ఆ భ్రమకు మూల్యం చెల్లించేది వైద్యుడు కాదు; రేపు ఆపదలో పడబోయే పసివాడు.